తొమ్మిది మెటికలు

సముద్రం ఒడ్డునున్న ఔట్‌పోస్టులో ఆ రాత్రి కానిస్టేబుల్ హరిబాబు ఒక్కడే డ్యూటీలో ఉన్నాడు. చేపల వ్యాపారి ఎల్లాజీ పరుగున వచ్చి, తలుపు గడియ తనే వేసి, ఎదురుగా కూర్చున్నాడు.

“దాలమ్మ మీద కేసు రాయండి బాబూ. రోజూ దీపాలేళకి మా గుమ్మంలోకొచ్చి, మెటికలిరిసి శాపాలెడతంది.”

“శాపాలకి సెక్షన్ లేదురా. బూతులుంటే సెప్పు, రాస్తాను.”

“పది మెటికలూ ఇరిస్తేనే శాపం తగుల్తాది బాబూ. ముసిల్దానికి కుడిసేతి సిటికెనేలు లేదు. అందుకే ఇంకా బతికున్నాను.”

“ఆ ఏలు ఏటైంది?”

ఎల్లాజీ మొలలోని చేపల కత్తిని చొక్కా కిందకి తోసుకున్నాడు. బయట అలలు హోరెత్తుతున్నాయి.

దాలమ్మ మెటికకొకటిగా తిట్టిన తొమ్మిది తిట్లూ ఎల్లాజీ చెబుతుంటే హరిబాబు పొల్లుపోకుండా రాశాడు. సంతకానికి ముందు రాసింది చదివి వినిపించాలి, అది రూలు. కాగితం బల్ల మీద పరిచి మొదలుపెట్టాడు.

“నీ కొంప కూల.”

అతని ఎడమ బొటనవేలు టప్‌మంది. రాసి రాసి పట్టేసిందనుకున్నాడు. రాసింది ఆ చేత్తో కాదు.

“నీ పాడె కట్ట.”

చూపుడువేలు టప్‌మంది. ఆపేద్దామనుకున్నాడు గాని గొంతు ఆగలేదు. మాట వెంట మాట, వేలు వెంట వేలు. ఎల్లాజీ లేచి గడియ లాగాడు. అది కదల్లేదు.

తొమ్మిదోది అయింది. కాగితం మీద ఇంకేమీ లేదు. అలల హోరు కూడా ఆగిపోయింది. హరిబాబు తన కుడిచేతిని ఎడమచేత్తో బల్లకేసి అదిమిపట్టాడు. ఆ చేతికిందే చిటికెన వేలు మెల్లగా వంగుతోంది. తను రాయని పదో మాట, ముసలిదాని గొంతుతో, అతని నోటిదాకా వచ్చేసింది.