ఈ పూటకి అమ్మ

"మదర్ వచ్చింది మేడమ్" అని కింద నుంచి ఇంటర్‌కమ్‌లో చెప్పాడు వాచ్‌మన్ వీరయ్య.

"హమ్మయ్య! పైకి పంపు" అంది జెరూష.

గంట నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది ఆమె. అది జూబ్లీహిల్స్‌లో హీరోయిన్ మనోజ్ఞ ఫ్లాట్. ఫిల్మ్ నగర్‌లోని ఓ పీఆర్ కంపెనీ తరఫున సినిమావాళ్ల మీద ఫీచర్లు రాయడం జెరూష ఉద్యోగం. మదర్స్ డే కోసం ‘అమ్మ నేర్పిన ఇంగ్లీషు’ అని మనోజ్ఞ మీద ఓ ఫీచర్ రాసింది. తల్లీకూతుళ్ల ఫొటోతో సహా సాయంత్రంలోగా అది పత్రికలన్నిటికీ వెళ్లాలి.

రాతకేం, ఎప్పుడో అయిపోయింది. ఫొటోకి అమ్మే లేదు.

అడిగితే, "మా అమ్మకి కెమెరా అంటే పడదు. గుంటూరు వదిలి రాదు" అనేసింది మనోజ్ఞ.

అమ్మ రాకపోతే ఫీచర్ ఆగుతుందా? ఈ ఫీల్డులో ఏదాగింది కనుక! కృష్ణానగర్ నుంచి ఆర్టిస్టుల్ని పంపే చంటికి ఫోన్ చేసింది జెరూష. పట్టుచీర, కళ్లజోడు, చదువుకున్న కళ ఉన్న మదర్ కావాలని మరీ మరీ చెప్పింది.

తీరా తలుపు తీసి చూస్తే ఒళ్లు మండిపోయింది.

వెలిసిపోయిన నేత చీర. కాయలు కాసిన చేతులు. చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది ఆవిడ.

"ఇదేం అవతారమమ్మా? చంటి నీకేం చెప్పలేదా?"

"అమ్మాయి..." అంటూ ఏదో చెప్పబోయింది ఆవిడ.

"మేడమ్ వస్తున్నారులే, కూర్చో. జాగ్రత్తగా విను. ఈ పూటకి నువ్వు ఆవిడకి అమ్మవి. గుంటూరులో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యావు. అర్థమైందా?"

"నేనా అండీ?"

"మరి నేనా?"

ఆవిడ చీర కొంగు భుజం మీదకి లాక్కుంది.

"ఈ పూటకేనా అండీ?" అంది మెల్లగా.

"ఓహో! అప్పుడే రేపటి ఛాన్సు కూడా కావాలా? ముందు ఇవాళ్టిది సరిగ్గా ఏడువు!"

ఇంతలో మనోజ్ఞ వచ్చింది. వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఆగిపోక ఏం చేస్తుంది? జెరూషకి తల కొట్టేసినట్టయింది.

"సారీ మేడమ్. టైము లేదు, ఈవిడతోనే సర్దుకుందాం."

మనోజ్ఞ వచ్చి సోఫాలో ఆవిడ పక్కన కూర్చుంది.

ఫొటోగ్రాఫర్ లియో కెమెరా సరిచూసుకున్నాడు.

"అమ్మా, ఇటు చూడండి."

చూస్తేగా! మనోజ్ఞ మొహం మీద నుంచి కళ్లు తిప్పదే ఆ మనిషి! లియో నాలుగు ఫొటోలు తీశాడు. నాలుగింటిలోనూ అదే వరస.

"నవ్వు తల్లీ, నవ్వు! ఏడుపు సీను కాదిది" అని అరిచింది జెరూష.

నవ్వబోయిన ఆవిడ ఉన్నట్టుండి చెయ్యి చాపి మనోజ్ఞ బుగ్గ నిమిరింది.

"చిక్కిపోయావే" అంది.

"ఏయ్! ఎవర్నడిగి ముట్టుకున్నావు? మేకప్ చెడితే నువ్వు వేస్తావా? పైగా డైలాగులొకటి! కెమెరా కనబడితే చాలు, ఓవరాక్షన్!"

కోపం రాదూ మరి! పొద్దస్తమానం లేని ప్రేమలన్నీ వండి వార్చేది తను. అందులో పిసరంతైనా మొహంలో చూపించలేని వాళ్లని తెచ్చి తన నెత్తినే రుద్దుతారు. రేపు ఫొటో చూసి నలుగురూ నవ్వితే బాస్ ముందు నిలబడాల్సిందీ తనే.

"చూడమ్మా, మేడమ్ ఎక్కడ, నువ్వెక్కడ? ఎటు నుంచి చూసినా నువ్వు ఆవిడ తల్లివంటే ఒక్కరు నమ్మరు. ఇక చాలు, వెళ్లు."

ఆవిడ మనోజ్ఞ వైపు చూసింది. మనోజ్ఞ ఫోన్‌లోకి తల దించుకుంది.

"నిజమేనండీ" అంది ఆవిడ లేస్తూ. "ఈ అమ్మాయి పోలిక నాకెక్కడిది!"

చెప్పులు చేత్తో పట్టుకునే మెట్లు దిగి వెళ్లిపోయింది.

"లియో, ఆ ఫొటోలన్నీ తీసెయ్. పొరపాటున ఒక్కటి బయటికి పోయినా మన పరువు గంగలో కలుస్తుంది."

లియో అప్పటికప్పుడే తీసేశాడు. మనోజ్ఞ తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

కాసేపటికి చంటి రొప్పుతూ వచ్చాడు. అతని వెనకాలే పట్టుచీర, కళ్లజోడు, నిండుగా ఒకావిడ.

"సారీ మేడమ్! ట్రాఫిక్‌ల ఇరుక్కున్నం. గీమెనే మన మదర్."

"మరి ఇందాక వచ్చినావిడ?"

"ఎవరు మేడమ్? నేనైతే ఎవర్నీ పంపలె."

జెరూష ఇంటర్‌కమ్ అందుకుని వీరయ్యని నిలదీసింది.

"మదర్ వస్తది, పంపుమని మీరే జెప్పిన్రు గద మేడమ్! ఆమె మదర్‌నే అన్నది, పంపిన. ఇప్పుడేంది నా మీద ఒర్రుతున్నరు?"

ఎంత తెగింపు! ఎవరో దారినపోయే మనిషి సరాసరి హీరోయిన్ ఇంట్లోకి వచ్చేస్తుందా? సోఫాలో కూర్చుంటుందా? బుగ్గలు నిమురుతుందా? జెరూష విసవిసా వెళ్లి మనోజ్ఞ గది తలుపు తట్టింది.

"మేడమ్, మోసం! ఆవిడ మనం పిలిపించిన మనిషి కాదు. ఇప్పుడే పోలీసులకి కంప్లైంట్ ఇచ్చేద్దాం."

తలుపు తెరుచుకుంది. మనోజ్ఞ కళ్ల కింద కాటుకంతా చెదిరిపోయి ఉంది.

"వద్దు."

"వద్దంటే ఎలా మేడమ్? ఇవాళ ఊరుకుంటే రేపు ఇంకొకరు వస్తారు!"

"ఇందాకటి ఫొటోల్లో ఒక్కటైనా మిగిలిందేమో లియోని అడుగుతారా?"

"ఒక్కటీ లేదు, అన్నీ దగ్గరుండి తీసేయించాను. అయినా ఆ దిక్కుమాలిన ఫొటోలు మీకెందుకు?"

"మా అమ్మతో నేను దిగినవి అవేనండీ" అంది మనోజ్ఞ.