పది ముక్కలు

"జనాన్ని దోచుకుంటున్న ఆ పెద్ద బ్యాంకును రెండు ముక్కలు చెయ్యాల్సిందే!" అని సెనేటరమ్మ గర్జించగానే వాషింగ్టన్‌లో సభ దద్దరిల్లింది. ఆ ప్రసంగం రాసింది ఆమె ఆఫీసులోని కోరిన్. పక్క బల్ల దగ్గర తనూ ప్రసంగాలే రాసే డ్వైట్‌కు కడుపు మండిపోయింది.

వారం తిరక్కుండానే కోరిన్ తన సామాను అట్టపెట్టెలో సర్దుకుంది.

"ఎక్కడికి తల్లీ ప్రయాణం?" అన్నాడు డ్వైట్.

"ఆ బ్యాంకుకే. ఇంత బాగా తిట్టే మనిషి తమవైపు ఉండాలట. జీతం మూడింతలు!"

"ఛీ, సిగ్గులేదూ? నిన్నటిదాకా దొంగలన్నావుగా!"

"అందుకేగా పిలిచారు. ఏడవకోయ్."

డ్వైట్ రోషంగా కూర్చుని కొత్త ప్రసంగం రాశాడు. బ్యాంకును పది ముక్కలు చెయ్యమన్నాడు. చదివి సెనేటరమ్మ మురిసిపోయింది.

"నిప్పులు కురిపించావయ్యా! ఏం కావాలో అడుగు."

డ్వైట్ తల గోక్కున్నాడు.

"ఏం లేదండీ... ఇది రాసింది నేనేనని మైకులో ఒక్కసారి చెప్పండి, చాలు. బ్యాంకువాళ్ళూ వింటుంటారు గదా."