చేతి వెనకాలే బొమ్మ

ప్రోగ్రాంలో చుక్కల్ని ఒక్కొక్కటిగా లెక్కేసే పైథాన్ లూపు తీసేయాలి. వీడియోలోని చుక్కలన్నిటి లెక్కనూ ఒకేసారి నంపై అనే లైబ్రరీకి అప్పగించాలి. అమ్మ చేతుల్ని ఇదివరకు తీసిన పాత వీడియో మీద సరిచూడాలి. ఆ తర్వాత అమ్మను కూర్చోబెట్టాలి.

అమ్మ బట్టలు కుడుతుంది. చూపు మసకబారాక, చేతుల మీద కెమెరా పెట్టి, రంగుల తేడా పెంచి తెర మీద చూపే ప్రోగ్రాం రాశాను. అది చుక్క తర్వాత చుక్క లెక్కేసేసరికి బొమ్మ వెనకబడేది. సూది వేలికి గుచ్చుకునేది.

“ఇప్పుడు కుట్టమ్మా.”

అమ్మ తెర మీదికి వంగి సూది కదిపింది.

“అబ్బో, చేతితోపాటే పరిగెడుతోందే! నువ్వు నా కూతురివేనా?”

“సూది కనిపిస్తోందా?”

“ఎందుకు కనిపించదూ? ఇక లేచి ఏమన్నా తిను తల్లీ.”

నవ్వుతూ తెర వైపు చూశాను. కెమెరాకు మార్చడం మరిచిపోయాను. అక్కడ ఇంకా పాత వీడియోనే నడుస్తోంది. అందులో అమ్మ చేతిలో సూది లేదు, కత్తెర ఉంది.

కెమెరాకు మార్చాను. బొమ్మ నిజంగానే చేతితోపాటు కదిలింది. అమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు.

“ఎప్పట్నించి కనిపించడం లేదమ్మా?”

సూది ఆగింది.

“చెబితే ఈ ప్రోగ్రాం ఆపేస్తావుగా. నువ్వు చేస్తున్నంతసేపూ నాకూ ఏదో ఆశ.”

ప్రోగ్రాం ఇప్పుడు ఆలస్యం కావడం లేదు. చొక్కా బొత్తాం పెట్టుకునేటప్పుడు, ఆ కాజా కుట్టిన చేతులతోపాటు మా అమ్మను ఒక్కసారి తలుచుకోండి.