మన్ను, మన్నన

ఆలస్యంగా దిద్దుకున్న అక్షరాలివి. తప్పులుంటే సర్దుకుని చదవండి. నా చెయ్యి నిదానం. కథ నాది కాదు, విన్నది.

"మళ్ళీ చెప్పు," అన్నారు మాస్టారు.

కాలేజీ హాల్లో గ్రీకు నాటకం రిహార్సలు. చచ్చిన అన్నను ఎవరూ పాతిపెట్టకూడదని రాజు శాసనం. చెల్లెలు ఎదురు తిరగాలి. ఆ చెల్లెలి వేషం బక్కపిల్లది.

"రాజా, మా అన్నకు నేనడిగేది గుప్పెడు మన్నన."

"సెలవు చీటీ అడుగుతున్నట్టుంది," అన్నాడు రాజు వేషం కుర్రాడు. అందరూ నవ్వారు.

"రేపటికి ఆ మాట పలకకపోతే వేషం ఇంకొకరికిస్తా," అన్నారు మాస్టారు.

పిల్ల కళ్ళు నిండాయి. మూడు వారాలుగా ఆ మాట దగ్గరికొచ్చేసరికే పలుకు తేలిపోతోంది.

వెనక వరసలో ఎవరో పెద్దావిడ లేచింది.

"మన్నన కాదమ్మా, మన్ను. గుప్పెడు మన్ను. అచ్చులో తప్పు పడింది."

"మీరెవరండీ?" అన్నారు మాస్టారు.

"విందామని వచ్చాను నాయనా."

"గుప్పెడు మన్నన అనడం కవిత్వం. రాసినాయనకన్నా మీకెక్కువ తెలుసా?"

ఆవిడ కుర్చీ కింద చెప్పులు వెతుక్కుని మెల్లగా బయటికి నడిచింది.

"దారిన పోయేవాళ్ళందర్నీ లోపలికి వదలకు," అని మాస్టారు వాచ్‌మన్‌ను కేకలేశారు.

నాటకం రోజు బక్కపిల్ల రాజు ఎదుట నిలబడింది. మాస్టారి వైపు చూడలేదు.

"మా అన్నకు నేనడిగేది గుప్పెడు మన్ను."

రాజు వేషం కుర్రాడు తన మాట మరిచిపోయి తల దించుకున్నాడు. తెర పక్కన మాస్టారు చేతిలోని నాటకం పుస్తకం మూసేశారు.

తెర పడగానే పిల్ల వేషంతోనే గేటు దగ్గరికి పరిగెత్తింది. వెనకే మాస్టారు.

"ఆ పెద్దావిడ వచ్చారా అన్నా?" అని పిల్ల వాచ్‌మన్‌ను అడిగింది.

"వచ్చింది తల్లీ. సారు వద్దన్నారుగా, నేను వదల్లేదు. గంటసేపు ఇక్కడే నిలబడి, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది."

"పేరేమైనా చెప్పారా?"

"పుస్తకంలో రాసిందిగా, చూసుకో."

మాస్టారు గేటు పుస్తకం అందుకున్నారు. పేరు చెమట తడికి అలుక్కుపోయింది. పక్కనే, 'వచ్చిన పని' అన్నచోట, గుండ్రటి అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి: "నేను తెలుగు చేసిన నాటకం చూద్దామని."

— కామేశమ్మ, డెబ్బై ఒకటి. ఇప్పుడు చెల్లెలి ఇంట్లో, మేడమీద గదిలో ఉంటున్నాను.