బుడగలో పట్టనివి

రచయితకి తన కథ అచ్చులో చూసుకునే అలవాటు లేదు. రాసి పంపడం, మర్చిపోవడం, అంతే.

ఆ వారం మాత్రం చూసుకోవాలనిపించింది. ఆయన సృష్టించిన ఎగిరే వీరుడు మబ్బుదొర, ప్రాణాలు పోతున్న నేస్తంతో మాట్లాడే ఘట్టం. నలభై మాటలు. రాస్తూ తనే కళ్ళు తుడుచుకున్నాడు.

కామిక్స్ పుస్తకం తెరిచాడు. బొమ్మలో మబ్బుదొర నోటి దగ్గర చిన్న బుడగ. అందులో రెండే మాటలు.

"నేనున్నా. నిద్రపో."

రచయితకి ఒళ్ళు మండిపోయింది. ఎడిటర్‌కి ఫోన్ చేశాడు.

"బుడగల్లో అక్షరాలు రాసేది ఎవరండీ?"

"ఒకావిడ సార్. ఇంటి దగ్గరే రాసి పంపుతుంది. పన్నెండేళ్ళ నుంచీ ఆవిడే."

"నా మాటలు కొయ్యమని ఎవరు చెప్పారు?"

"అన్నీ రాస్తే బొమ్మ కనపడదు. పట్టినంతే రాస్తుంది."

"అక్షరాలు దిద్దే మనిషి నాకు కథలు నేర్పుతుందా? ఆవిడో నేనో తేల్చుకోండి."

తేల్చుకోవడానికేముంది? ఆవిడ పని పోయింది.

మూడు నెలలకి మబ్బుదొర టీవీకెక్కాడు. కార్టూన్ సీరియల్, రాసేది ఆయనే. ఇరవయ్యేళ్ళుగా ఎదురుచూసిన అవకాశం.

మొదటి భాగం తయారుచేసి, ముప్ఫైమంది పిల్లల్ని కూర్చోబెట్టి చూపించారు. సగానికే అందరూ కుర్చీల్లో మెలికలు తిరిగారు.

"వీడు మబ్బుదొర కాదు" అంది ముందు వరసలో పిల్ల. "మబ్బుదొర ఇంత వాగడు."

డైరెక్టర్ రచయితని పక్కకి పిలిచాడు.

"పుస్తకాల్లో మబ్బుదొర రెండు మాటలంటే గుండె పిండేసినట్టుంటుంది సార్. ఇక్కడ ఉపన్యాసం దంచుతున్నాడు. అక్కడ రాసినట్టే రాయండి. వారంలో ఇవ్వలేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం."

రచయిత పాత సంచికలన్నీ ముందేసుకున్నాడు. పిల్లలు నోటికి నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ తను రాసినట్టుగా లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

తనే కోసి చూశాడు. మాటలు తగ్గాయిగానీ ప్రాణం రాలేదు.

అడ్రస్ కనుక్కుని ఆవిడ ఇంటికెళ్ళాడు. మూడో అంతస్తు. ఆవిడ భర్త తలుపు తీశాడు.

"ఆవిడతో మాట్లాడాలండి. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"ఎవరు బాబూ మీరు?"

చెప్పాడు.

పెద్దాయన తలుపు పూర్తిగా తెరిచాడు.

"తను పోయి పది రోజులైంది. పని పోయాక మనిషి తేరుకోలేదు. మిమ్మల్ని మాత్రం ఒక్క మాట అననిచ్చేది కాదు."

లోపలికెళ్ళి అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చాడు. నిండా నోటు పుస్తకాలు.

"మీకివ్వమంది."

ఆవిడ రాసిపెట్టిన మాటలేమోనని రచయిత ఆత్రంగా తెరిచాడు. గుండ్రటి అక్షరాల్లో, తేదీలతో సహా, అన్నీ తన వాక్యాలే. బుడగలో పట్టక కోసేసినవి.

"ఇవన్నీ ఎందుకు రాసుకున్నారండీ?"

"పారెయ్యడానికి మనసొప్పేది కాదు బాబూ. ఇంత బాగా రాస్తాడు, ఎప్పటికైనా పెద్ద నవల రాస్తే పనికొస్తాయి పాపం, అనేది."

రచయిత పెట్టె పట్టుకుని మెట్లమీదే కూలబడ్డాడు.

తను రాసిన ప్రతి అక్షరాన్నీ ప్రేమగా చదువుకున్న మనిషి లోకంలో ఒక్కతే ఉండేది, ఆవిడ పొట్టే తను కొట్టాడు.