మంచం కింద నాలుగోవాడు

గదికి కిటికీ లేదు. తలుపు తెరుచుకోవాలంటే సూపర్‌వైజర్ మెడలోని కార్డు తగలాలి. అందుకే ఆయన్ని అందరూ చాటుగా తాళాలాయన అంటారు. ఫోన్లు బయట అరలో పెట్టి రావాలి. లోపల కూర్చున్న అమ్మాయి పని ముగిస్తే తప్ప బయటపడదు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. మాయల సినిమాలో మొట్టమొదటి సీను. నిద్రపోతున్న రాజకుమారుడితో సహా మంచం గాల్లోకి లేస్తుంది. ఇరవై సెకన్లు, నాలుగు వందల ఎనభై ఫ్రేములు. నిజానికి మంచాన్ని మోసింది తల నుంచి కాలిదాకా పచ్చ ముసుగు తొడుక్కున్న నలుగురు కూలీలు. వాళ్ళను కంప్యూటర్లో ఆనవాలు లేకుండా తుడిచెయ్యాలి. సాయంత్రం ఆరింటికి యూనిట్‌వాళ్ళ కుటుంబాలకు ఆ సీను వేసి చూపిస్తారు.

ముగ్గురిని మధ్యాహ్నానికే తుడిచేసింది. నాలుగోవాడి దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఒకచోట మంచం ఒరిగింది. హీరో జారిపోబోయాడు. నాలుగోవాడు ఎడమ భుజం అడ్డుపెట్టి కాచుకున్నాడు. హీరో కళ్ళు కూడా తెరవలేదు.

"సార్, ఇతన్ని ఉంచేద్దామా? కనీసం నీడైనా..."

తాళాలాయన నవ్వాడు. "మొదటి నిమిషంలోనే ఇది మాయాలోకమని జనానికి తెలియాలమ్మా. మంచం దానంతటదే లేవాలి. కింద మనిషి కనబడితే ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నట్టుంటుంది."

"ఈయన పట్టుకోకపోతే హీరో పడిపోయేవాడు సార్."

"గాల్లో తేలుతున్నా నిద్రపోతున్నాడంటే ఎంత గుండెధైర్యం! రాజకుమారుడు ఎలాంటివాడో జనానికి అక్కడే తెలిసిపోతుంది. ఇంతకీ ఆ ముసుగువీరుడు నీకేమైనా చుట్టమా?"

ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. ఈ ఉద్యోగం దొరికి రెండు నెలలే. తను చెయ్యనంటే ఈ కుర్చీ కోసం బయట బోలెడుమంది ఉన్నారు. పైగా తను తుడవకపోతే ఇంకొకరు తుడుస్తారు.

నాలుగింటికి తాళాలాయన మళ్ళీ తొంగిచూశాడు. "మీ అమ్మగారు ఆఫీసుకి ఫోన్ చేశారు. మీ నాన్నగారు పొద్దున్నుంచీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నారట. వీధివాళ్ళందర్నీ వెంటబెట్టుకొస్తున్నారట. మొదటి సీను తప్పిపోకూడదని ఒకటే హడావుడట. కూతురి పనంటే ఎంత మురిపెమో!"

"సార్, ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసుకుంటాను."

"ముందు వాణ్ణి తుడిచెయ్యి. తలుపు తీస్తాను."

కాళ్ళు తుడిచింది. చేతులు తుడిచింది. భుజాన్ని చివరిదాకా మిగుల్చుకుంది. అయిదున్నరకు అదీ పోయింది. తలుపు తెరుచుకుంది.

ఆమె వెళ్ళేసరికి హాల్లో దీపాలు ఆరిపోతున్నాయి. నాన్న పక్కన సీటు ఉంచాడు. తెర మీద మంచం పిసరంత కుదుపు లేకుండా పైకి తేలింది. హాలంతా చప్పట్లు కొట్టింది.

వీధివాళ్ళంతా వెనక్కి తిరిగి చూస్తుంటే, నాన్న తన ఎడమ భుజం తడుముకుంటూ ఆమె చెవిలో అడిగాడు: "మంచం కింద ఉన్నది నేనే కదమ్మా, మరి కనబడటం లేదేంటి?"