నాలుగో చెంబు

మొదటి చెంబుకు పొట్టేలు చెవి కూడా ఆడించలేదు.

పసుపు నీళ్ళు చుక్కోడి వీపు మీద నుంచి జారి పొట్ట కింద బొట్లుబొట్లుగా కారాయి. డప్పు ఆగింది. ఊరు ఊరంతా వాడి వైపే చూసింది. చుక్కోడు మాత్రం తనకేమీ పట్టనట్టు ముందున్న వేపమండ నములుతున్నాడు.

గోరంట్ల దగ్గరున్న ఆ ఊళ్ళో మారెమ్మ జాతరకు పొట్టేలు వచ్చేది ఈరక్క మంద నుంచే. ఆమె మామ కాలం నుంచీ అంతే. నీళ్ళు పోసినప్పుడు పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, కోస్తారు. మూడు చెంబులకూ విదిలించకపోతే అమ్మ వద్దన్నట్టు. దాన్ని తిరిగి మందలోకి తోలి, వేరేదాన్ని తెస్తారు. అలా తిరిగొచ్చినదాన్ని ఇక అమ్మకూడదు, కోయకూడదు. మందలోనే పిల్లల్ని పుట్టిస్తూ హాయిగా బతుకుతుంది.

కానీ పోయినేడాది ఎన్నిటిని తెచ్చినా ఒక్కటీ విదిలించలేదు. అంతకు ముందేడాదీ అంతే. ఆ రెండేళ్ళూ వానలు ముఖం చాటేశాయి, బోర్లు ఎండాయి. ఇంకేముంది, అమ్మకు కోపం వచ్చిందన్నారు. ఈరక్క ఇంట్లో ఏదో తప్పు జరిగిందన్నారు.

పెద్దమనిషి ఈశ్వరప్ప పొద్దున్నే వచ్చి చెప్పిపోయాడు. "ఈ తూరి కూడా అమ్మ వద్దంటే, నీ మంద ఊరి బీట్లో కాలు పెట్టేదానికి లేదు ఈరక్కా."

ఎనభై గొర్రెలు. ఆ బీడు తప్ప మేపు లేదు. అరవై దాటిన మనిషి వాటిని తోలుకుని ఎక్కడికి పోతుంది?

రెండో చెంబు పోశాడు పూజారి హనుమంతు.  ఈరక్క కొంగు నోట్లో కుక్కుకుని తల్లీ, తల్లీ అని లోపల్లోపలే మొక్కుకుంది. చుక్కోడు తలెత్తి ఆమె వైపే చూశాడు. తల్లి చస్తే సీసాపాలు పట్టి సాకింది వాణ్ణి.

కాపురానికొచ్చిన కొత్తలో ఇలాగే ఒకణ్ణి సాకింది. వాడు మొదటి చెంబుకే విదిలించాడు. ఆమె మూడు రోజులు అన్నం ముట్టకపోతే, గొర్రె కోసం ఏడ్చేవాళ్ళను ఎక్కడా చూళ్ళేదని అత్త నవ్వింది. ఆ తర్వాత జాతర రోజు ఈరక్క ఏడవలేదు.

మూడో చెంబు కూడా పోశారు. చుక్కోడు కదల్లేదు. దొడ్లోంచి తెచ్చిన ఇంకో రెండూ రాళ్ళలా నిలబడ్డాయి.

జనం పక్కకు జరిగారు. చూస్తుండగానే ఈరక్క చుట్టూ నేల ఖాళీ అయిపోయింది. ఈశ్వరప్ప కండువా దులిపి లేచాడు. 

అప్పుడు ఆమె మనవరాలు హేమావతి ముందుకొచ్చింది. పెనుకొండలో పదో తరగతి చదువుతోంది. నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు.

"ఇది అమ్మ కోపం కాదు తాతా," అంది ఈశ్వరప్పతో. "మా సైన్సు పాఠంలో ఉండాది."

ఒక మందలో పుట్టినవన్నీ ఒక్కలా ఉండవని చెప్పింది. నీళ్ళు పడితే కొన్ని విదిలిస్తాయి, కొన్ని ఊరకుంటాయి. ఆ గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. విదిలించినవాటిని మనమే కోసుకున్నాం, వాటి వంశం అంతటితో సరి. ఊరకున్నవి మిగిలాయి, వాటికే పిల్లలు పుట్టాయి. ఏ గొర్రే కావాలని మారలేదు. పచ్చగడ్డిలో ఎర్ర మిడతల్ని కాకి ఏరుకు తింటే పచ్చ మిడతలు మిగిలినట్టు, మందలో ఊరకుండేవే మిగిలాయి.

"దీన్ని ప్రకృతి వరణం అంటారు తాతా. ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు. మా అవ్వ తప్పేమీ లేదు."

ఈరక్క కొంగు భుజం మీదికి లాక్కుంది.

ఈశ్వరప్పకు సగం అర్థమైంది, సగం కాలేదు. అయినా చూస్తే పోయేదేముందన్నాడు. ఆమడగూరు నుంచి వచ్చి పొలాల్లో మంద కట్టిన బాలాజి దగ్గర ఒక పొట్టేలును పట్టుకొచ్చారు. మొదటి చెంబు పడీ పడకముందే అది ఒళ్ళంతా దులిపింది. ఈశ్వరప్ప పంచె తడిసింది. డప్పు మోగింది.

ఇక మీదట జాతర పొట్టేలు బయటి మంద నుంచే తేవాలని అక్కడే తీర్మానించారు. బీట్లో మేపుకోమని ఈరక్కకు చెప్పారు. చుక్కోడు వేపమండ నోట కరుచుకునే ఇంటికొచ్చాడు.

 ఈరక్క దొడ్లో నులకమంచం మీద కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది. మధ్యాహ్నం హేమావతి నోటుపుస్తకం పట్టుకుని పక్కన చేరింది.

"అవ్వా, ఒకటి మాత్రం కుదర్లా. ఏడాదికి ఒక్క పొట్టేలు పోతే మందంతా మారేదానికి చానా ఏండ్లు పట్టాల. మన మంద ఇంత బిరీన ఎట్ల మారిందో తెలీలా. రేపు సారును అడగతా."

"అడగొద్దులే పాపా." ఈరక్క గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అంతా అమ్మ మహిమ."

అవ్వకు సైన్సు ఎక్కదని హేమావతి నవ్వుకుంటూ లోపలికి పోయింది.

నలభై ఏళ్ళుగా, ఊరు లేవకముందే, మందలో పుట్టిన ప్రతి పిల్ల వీపు మీదా నీళ్ళు పోసి చూసి, విదిలించినదాన్నల్లా హిందూపురం సంతకు తోలిన ఈరక్క, దొడ్డి గోడకున్న సొట్టల చెంబును తీసి గడ్డివాములోకి తోసేసింది.